మా మిద్దెకు నేను పోసిన మన్ను

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది సంవత్సరాల్లో, లోకంలో నాకు తెలియని సంగతి ఒకటుందని ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, ప్రొద్దుటూరులో చదివొచ్చిన హైస్కూలు చదువు, జమ్మలమడుగులో పంతులు ఉద్యోగం, వీధిలో పోతుంటే అరుగుల మీద పెద్దవాళ్ళు సైతం కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, ఇవన్నీ కలిసి నన్ను బాగా చెడగొట్టాయి. (పంతులు వస్తున్నాడని వాళ్ళు కాళ్ళు ముడుచుకున్నది గౌరవంతో కాదనీ, వీధి ఇరుకనీ చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.) ఆ గర్వం ఎంతకాలం నిలిచేదో గానీ, ఒక వేసవిలో మా పాత మిద్దె దాన్ని దించేసింది. దాని గురించి నవ్వుతూ చెప్పాలనే మొదలుపెడతాను, ప్రతిసారీ మధ్యలో నవ్వు ఆగిపోతుంది.

మాది మట్టి మిద్దె. రాతి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే కర్రలు, పైన కట్టెపేళ్ళు, ఆకు, మన్ను, అన్నిటికీ పైన చౌడు, ఉప్పు తేలే జిగురు మన్ను. ఆ చౌడే మిద్దెకు ప్రాణం. వాన పడితే అది బిగుసుకుని నీటిచుక్కను కిందికి దిగనివ్వదు. ప్రతి ఎండాకాలం చివర కొత్త చౌడు పలుచగా పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాలి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా నాయన ఒక్కడే నన్ను పెంచాడు, ఒక్కడే ఆ మిద్దెను కాచాడు. నేను నిచ్చెన మీద కాలు పెడితే చాలు, "నువ్వు సదువుకో పోప్పా, మిద్దె సంగతి నేను సూసుకుంటా" అనేవాడు. నేను కూడా సంతోషంగా పుస్తకం తీసుకుని వేపచెట్టు కిందికి పోయేవాణ్ణి. నా పెళ్ళి చూసి, ఆ ఏడాది చలికాలంలో ఆయన పోయాడు. మరుసటి ఎండాకాలం మిద్దెకు చౌడు పొయ్యాలన్న ఊహే నాకు రాలేదు. మిద్దెకు ఏటేటా అన్నం పెట్టాలని తెలియని కొడుకును నేను.

ఆ వానాకాలం ఇల్లు కారింది. కారడమే కాదు, తడిసిన కట్టెపేళ్ళలోంచి ఒకరోజు తేలు మంచం మీద పడింది. పక్కనే పడుకుని ఉన్నది నా భార్య, అప్పుడు ఐదో నెల గర్భిణి. ఆమె మా మేనమామ కూతురే. మామది ముద్దనూరు దాటి పులివెందుల దోవలో ఒక పల్లె. సేద్యగాడు, మితంగా మాట్లాడతాడు, మాట్లాడితే మాత్రం వెనక్కి తీసుకోడు. కాన్పుకు కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మా ఇంట్లో తలెత్తి కప్పంతా చూశాడు. చూసి, "ఇది మా అక్క కాపురం చేసిన ఇల్లప్పా. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ బిడ్డ పుట్టినంక ఈ మిద్దె కిందికి నేను పంపను. బాగు చేసుకో, బిడ్డకు ఐదో నెల్లో తీస్కొస్తా. బాగలేకుంటే మళ్ళా బండెక్కిచ్చుకోని పోతా" అన్నాడు. నా భార్య బండిలో కూర్చుని నావైపే చూస్తూ పోయింది. నాకు కూతురు పుట్టిన కబురు పోస్టుకార్డు మీద వచ్చింది. పోయి చూసి వచ్చాను. బిడ్డ నా చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. అప్పటినుంచి ఇల్లు బాగు చేయడం తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

వేసవి సెలవులు రాగానే పనికి దిగాను. పనివాళ్ళను పిలిస్తే సరిపోయేది. కానీ నా బిడ్డ పడుకునే ఇల్లు నా చేతులతోనే బాగుపడాలని ఒక పట్టుదల (పంతులు చేతులు సుద్దముక్కకే తప్ప దేనికీ పనికిరావని మామ ఒకసారి అన్న మాట కూడా మనసులో ఉంది). ముందు గోడలకు సున్నం కొట్టాను. సున్నంలో బంక కలపాలని ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు. ఆనుకున్నవాడి వీపంతా తెల్లబడేది. ప్రొద్దుటూరు నుంచి ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చి తలుపులకు పూశాను. అది పన్నెండు రోజులైనా ఆరలేదు. తలుపు తీసిన ప్రతివాడూ తన చేతిముద్ర వేసి పోయాడు. ఇంటి నేలకు బండలు పరిచాను, ఒక బండ మాత్రం అడుగేసినప్పుడల్లా టక్కుమనేది. ఇవేవీ నాకు లోపాలుగా కనిపించలేదు. సాయంత్రం పూట వీధిలో నిలబడి, నా ఇంటిని నేనే చూసుకుని మురిసేవాణ్ణి.

మిగిలింది మిద్దె. దానికి మా వీధి చివర ఒంటెద్దు బండి తోలే పెద్దాయనను పిలిచాను. ఊరంతా ఆయనను ఒంటెద్దు మామ అనేవాళ్ళు. నేను గడ్డపార తీసుకుని మిద్దెక్కి, పాత చౌడంతా తవ్వి కిందికి తోయడం మొదలుపెడితే, ఆయన కింద నిలబడి, "పాతది యాల తవ్వుతాండావు సారూ, ఉండనీ. దాని మీద్నే కొత్తది పోస్తారు" అన్నాడు. "పలక తుడవకుండా దాని మీదే రాస్తే అక్షరం కనిపిస్తుందా?" అని అడిగాను. ఆయన ఎద్దుకు గడ్డి వేయడానికి పోయాడు. నేను గెలిచాననుకున్నాను. తవ్వుతుంటే పాత చౌడు పొరలు పొరలుగా ఊడింది. ఒక్కో పొరా ఒక్కో ఎండాకాలం మా నాయన పరిచింది. అది తెలిసే వయసు కాదది, తెలుసుకునే బుద్ధీ లేదు. రెండు రోజుల్లో ఆయన ఇరవై ఏళ్ళ పనిని ఊడ్చి పారేశాను.

కొత్త మన్ను కోసం బండి కట్టించుకుని పెన్న ఒడ్డుకు పోయాము. ఒకచోట నేల తెల్లగా మెరుస్తోంది. "అదిగో చౌడు" అన్నాను. ఒంటెద్దు మామ దిగి, చిటికెడు మన్ను తీసి నా ముందు పట్టుకుని, "నోట్లో ఏసుకోని సూడు సారూ. చౌడయితే నాలిక్కి తెలుస్తాది. మీ నాయన ఎప్పుడొచ్చినా రుచి సూసినంకనే పార ఏపిస్తాండె" అన్నాడు. అటుగా నదికి పోయేవాళ్ళు నలుగురు మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరి పిల్లలు నా తరగతిలో ఉన్నారు. బడిపంతులు నడిదారిలో మన్ను తినడమా? "రంగు చూస్తే తెలియడం లేదా? ఎత్తండి" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, చేతిలో మన్ను కింద పోసి, పార అందుకున్నాడు. నాలుగు బండ్లు తోలించి, మిద్దెంతా పరిచి, వారం రోజులు దిమ్మిసతో కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు బిడ్డకు చూపించాలనుకున్నాను.

అనుకున్న నాటికి మామ బండి వచ్చింది. కూతురు, ఒళ్ళో మనవరాలు, వెనక ఉయ్యాల, బియ్యం మూటలు. మామ దిగి, తలుపు నెట్టి, అరచేతికి అంటిన ఆకుపచ్చ రంగును చూసుకున్నాడు. గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగి, తెల్లబడిన వీపుతో లేచాడు. టక్కుమనే బండ మీద రెండుసార్లు అడుగేసి చూశాడు. మోకాళ్ళ నొప్పి వల్ల మిద్దె మాత్రం ఎక్కలేదు. పెరట్లో మిగిలిన మన్ను కుప్ప దగ్గర కూర్చుని, ఆ మన్నుతోనే చేతి రంగు రుద్దుకుంటూ చాలాసేపు ఉన్నాడు. ఈలోగా నా భార్య బిడ్డను నా చేతికిచ్చి నిచ్చెన ఎక్కింది. నేను బిడ్డను పట్టుకుని కింద నిలబడ్డాను. ఆమె దిగివచ్చేటప్పుడు చెరగుతో పెదవులు తుడుచుకుంటోంది. మామ పెరట్లోంచి వచ్చి, "ఏమ్మా, మిద్దె ఎట్టుంది?" అని అడిగాడు.

ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. "బాగుంది నాయనా. శానా బాగా కొట్టినాడు" అంది. మామ కూతురి ముఖంలోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు, "సరే అయితే, నేను పోతా" అని అన్నం తిని బండెక్కాడు. ఆయన తెల్లటి వీపు వీధి మలుపు తిరిగేదాకా గర్వంగా చూస్తూ నిలబడ్డాను.

లోపలికి రాగానే ఆమె అడిగింది.

"బావా, పైన పోసింది ఏంది?"

"చౌడు."

"ఎవురు సెప్పినారు నీకు?"

"తెల్లగా ఉంది కదా."

"సుద్దముక్క గూడా తెల్లగానే ఉంటాది. నేను నోట్లో ఏసుకోని సూసినా. ఉప్పూ లేదు, జిగురూ లేదు. వట్టి ఏటి మన్ను. పాత చౌడన్నా కింద ఉంది గదా?"

తవ్వేశానని చెప్పాను. ఆమె గడప మీద కూర్చుండిపోయింది. "మరి మీ నాయనతో బాగుందన్నావే?" అని అడిగాను.

"ఇంగేం సెప్పల్ల? నిజం సెప్పింటే నన్నూ పిల్లనీ ఇప్పుడే ఎక్కిచ్చుకోని పోతాండె. ఇన్ని నెల్లు ఆడుండింది సాల్లే బావా. కారితే కారనీ, ఈడనే ఉంటా" అంది. అంత సూటిగా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, నేను బిడ్డను ఊపుతూ నిలబడ్డాను.

ఎక్కడైనా మంచి చౌడు చూసి తేవాలని మరునాడు ఒంటెద్దు మామ దగ్గరికి పోతే ఎద్దుకు కాలు బెణికి ఉంది. ఆ సాయంత్రమే వాన దిగింది. మొదట తూముల్లోంచి తెల్లని నీళ్ళు పాలలాగా దూకాయి. అది నా వారం రోజుల పని. తరువాత ఇంట్లో ఒక చోట, రెండు చోట్ల, ఆ తరువాత చోటు లెక్క లేకుండా కారడం మొదలైంది. బిందెలు పెట్టాము, తపేలాలు పెట్టాము, చివరికి గరిటెలు తప్ప ఏమీ మిగల్లేదు. గోడల సున్నం కరిగి పరిచిన బండల మీదికి పారింది. ఉయ్యాల ఎక్కడ కట్టినా తలమీద చుక్క పడుతోంది. సెలవుల్లో రంగు వేయాలని బడి నుంచి ఇంటికి తెచ్చుకున్న నల్లబోర్డు ఒకటి మూల ఉంది. దాన్ని తెచ్చి రెండు పెట్టెల మీద ఏటవాలుగా నిలబెట్టి, దాని కింద బిడ్డను పడుకోబెట్టాను. నేను ఆ ఇంటికి చేసిన పనుల్లో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. చుక్కలు బోర్డు మీద పడి జారిపోతుంటే, ఆ చప్పుడుకు బిడ్డ హాయిగా నిద్రపోయింది.

నేను మాత్రం తడిసిన మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. మా నాయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆయన ఏటేటా ఒంటరిగా పైకెక్కి పరిచినదాన్ని మురికి అనుకుని తోసేశానని అప్పుడు తెలిసివచ్చింది. ఆ మాటే చెప్పాను. నా భార్య కారే చోట నుంచి బియ్యం మూట పక్కకు లాగుతూ, "మీ నాయన నిన్ను ఒక్కసారన్నా మిద్దె ఎక్కనిచ్చింటే బాగుండు" అంది. దాని మీద చాప కప్పి, "రేపు మా నాయనకు తెలిస్తే ఊరుకోడు. ఏం సెప్పుకుంటామో ఆలోచించు" అంది. ఆలోచించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మరునాటి ఉదయం తడి బట్టలు వీధిలో ఆరవేస్తూ, ఎవరైనా ముద్దనూరు వైపు పోతున్నారేమోనని, వాళ్ళు ఈ సంగతి అక్కడ చెబుతారేమోనని భయంభయంగా చూస్తున్నాను.

ఆ దోవనే రెండు జోడెద్దుల బండ్లు వచ్చి మా ఇంటి ముందు ఆగాయి. పైన తాటాకు చాపలు కప్పి ఉన్నాయి. ముందు బండి తోలుకొచ్చినవాడు మామ దగ్గర సేద్యం పనులు చూసే మనిషి. "మీ మామ మొన్న రాత్రి ఇంటికొచ్చినాడు. నిన్న తెల్లారకముందే మమ్మల్ని లేపి చౌడు తవ్విచ్చి పంపినాడు. దోవలో వానొచ్చింది గానీ ఒక్క చుక్క తడవనీలేదు" అన్నాడు. నేను లెక్క చూసుకున్నాను. వాన పడింది నిన్న సాయంత్రం. పెరట్లో మన్ను కుప్ప దగ్గర చేయి రుద్దుకుంటున్నప్పుడే మామకు తెలిసిపోయింది. కూతురు అబద్ధం చెబుతున్నదనీ తెలుసు, ఎందుకు చెబుతున్నదో కూడా తెలుసు. తెలిసే, బిడ్డను ఆ మిద్దె కిందే వదిలి, ఎన్నడూ మాట వెనక్కి తీసుకోని మనిషి బండెక్కి వెళ్ళిపోయాడు. నా భార్య గడపలో నిలబడి తండ్రి పంపిన బండ్లను చూస్తూ చెరగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను చాప తొలగించి పార అందుకోబోయాను. బండిమనిషి చేయి అడ్డం పెట్టి, "ఉండప్పా. నోట్లో ఏసుకోని రుచి సూసి, నువ్వు సరే అంటేనే దించమన్నాడు. లేకుంటే ఎనక్కి తోలుకోని రమ్మన్నాడు" అన్నాడు. బండ్ల చప్పుడుకు వీధి అంతా బయటికి వచ్చింది. ఒంటెద్దు మామ వచ్చాడు, బడిపిల్లల తల్లులూ తండ్రులూ వచ్చారు. నేను చిటికెడు చౌడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ముందు ఉప్పగా తగిలింది, తరువాత సబ్బులాగా జారింది, ఆ తరువాత కళ్ళ నీళ్ళు కూడా కలిసి ఏది ఏ రుచో తెలియలేదు. "చౌడే, దించండి" అన్నాను.

ఆ తరువాత మామ చాలాసార్లు వచ్చాడు, ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఆయన లేడు, ఆ మిద్దె లేదు, దాని చోట సిమెంటు కప్పు ఉంది. ఆ కాలపు పిల్లపంతులును తలచుకుంటే అతను చెప్పిన పాఠాలూ, గెలిచిన వాదనలూ, వీధిలో నడిచిన నడకా అన్నిటికీ నవ్వే వస్తుంది. నడివీధిలో నోట్లో మన్నుతో "దించండి" అన్నప్పుడు మాత్రం అతని మీద నాకు ప్రేమ కలుగుతుంది.