సువర్ణ వస్తే కాలు కొట్టే కుందేలు

దయ్యాలు, శకునాలు నేను ఎప్పుడూ నమ్మలేదు. పిల్లి ఎదురైతే మా అమ్మ కాసేపు కూర్చుని బయల్దేరుతుంది. నేను ఆ పిల్లిని పలకరించి మరీ వెళ్లే రకం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది విన్నాక నన్ను అమాయకురాలి కింద జమకట్టేస్తారని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ పరిశోధన ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి పోవడానికి ఒక దారి ఉంటుంది. ఆ దారి ఒక ప్రోటీన్. కొన్ని మందులు దాన్ని మూసేస్తే గుండె లయ తప్పి మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ మాకు కావాల్సి వచ్చింది. ప్రోటీన్ ముక్కను ఒక తెల్ల కుందేలుకు ఇంజెక్షన్ చేస్తే దాని రక్తంలో యాంటీబాడీ తయారవుతుంది. ఆ పని నాది.

మా ల్యాబ్ అసిస్టెంట్ సువర్ణది పక్కనే ఉన్న చిట్కుల్ ఊరు. చిన్న పాపను అత్తగారికి అప్పగించి డ్యూటీకి వచ్చేది. ఇంజెక్షన్లు మొదలైన కొన్ని వారాలకు, ఆమె కుందేళ్ల గదిలో అడుగుపెడితే చాలు, ఆ కుందేలు వెనక కాలితో బోను అడుగును టపటపా కొట్టడం మొదలుపెట్టింది. భయపడితే కుందేళ్లు అలా కొట్టడం మామూలే. కానీ మిగతావి నింపాదిగా గడ్డి తింటుండేవి.

"ఏంది మేడం, నన్ను సూస్తేనే గిట్ల కొడ్తది? దాని గడ్డి నేనేమన్న గుంజుకున్ననా?" అని నవ్వేది సువర్ణ.

సబ్బు వాసనేమో అని ఆమెకు నా కోటు తొడిగించాను. బోను చోటు మార్చాను. గోనెపట్టా కప్పి, ఆమెను వెనక తలుపు నుంచి రమ్మన్నాను. పట్టా కింద నుంచి కూడా అదే చప్పుడు. ఇంకెవరు వెళ్లినా కొట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ సైరన్ మోగగానే సువర్ణ గడపలోనే పడిపోయింది. నీళ్లు చల్లి లేపాం.

"ఏం లే మేడం, ఇయ్యాల ఒక్కపొద్దు ఉన్న. బస్సు హారన్ గట్టిగ కొట్టినా నాకు గిట్లనే అయితది."

ఆ పొటాషియం దారి పుట్టుకతోనే చెడితే పెద్ద చప్పుడుకు పడిపోతారని చదివి ఉన్నాను. వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాను. నా అనుమానమే డాక్టరూ చెప్పాడు. మందులు రాసిచ్చి, ఇది పిల్లలకూ రావచ్చు, పాపను రేపే తీసుకురండి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు, కుందేలుకు ఇంజెక్షన్ చేస్తున్నదీ ఆ ప్రోటీన్ ముక్కే అని సువర్ణకు నోరుజారి చెప్పాను.

మర్నాడు పొద్దున సువర్ణ పాపను చంకనేసుకుని మా గేటు దగ్గర నిలబడింది.

"దవఖాన తర్వాత పోతం మేడం. ముందుగాల కుందేలుకు సూపియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

నేను ఆమెను కసిరి ఆస్పత్రికి పంపాల్సింది. పంపలేదు. ఆమె వస్తే కుందేలు ఎలాగూ కొడుతుంది కనుక ఆమెను గేటు దగ్గరే ఆపి, పాపను నేనే ఎత్తుకుని లోపలికి వెళ్లాను. పాప బోను ఊచలు పట్టుకుని కేరింతలు కొట్టింది. కుందేలు తలెత్తి చూసింది. కాసేపటికి మళ్లీ గడ్డి నమలసాగింది.

"కొట్టలేదు" అని చెప్పగానే సువర్ణ నేల మీద కూలబడి ఏడ్చింది. ఎమ్మెస్సీ చదివిన నేనూ సిగ్గు లేకుండా ఏడ్చాను.

అక్కణ్నుంచి తిన్నగా ఆస్పత్రికే వెళ్లాం. డాక్టర్ ఈసీజీ చూసి, పాపకేమీ లేదన్నాడు.

"మాకెరుకే సార్" అంది సువర్ణ.

"ఎవరు చెప్పారు?" అని ఆయన నా వైపు తిరిగాడు.

యాంటీబాడీ ప్రోటీన్‌ను ఎలా పట్టుకుంటుందో నేను బొమ్మ గీసి చెప్పగలను. కుందేలు రక్తంలో ఉన్నది గోనెపట్టా దాటి ఎదుటి మనిషి గుండెలో సంగతి ఎలా పసిగట్టిందో మాత్రం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆయన ఇంకా నా వైపే చూస్తున్నాడు. నేను పాపను ఎత్తుకుని గదిలోంచి బయటికి వచ్చేశాను.