మోచేతి కింద నరం

నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారుతున్న సంగతి ఆరు నెలలుగా నాకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు, పనిచేసే బొగ్గుబాయిలో చెప్పలేదు. గోదావరిఖనిలో భూమి లోపల బొగ్గుకు రంధ్రాలు వేసే డ్రిల్లు మిషను మీద నా డ్యూటీ. చెయ్యి పనికిరాదని తేలితే పైన ఏదో తేలిక పనిలో పెడతారు. అది నాకు తలవంపులనిపించింది.

ఆ మిషనును ఇద్దరు పట్టుకోవాలి. అటువైపు పిడి నా జోడీది. పదకొండేళ్లుగా మేమిద్దరమే. అతని ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నన్ను బావా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి.

ఒకరోజు మొదటి షిఫ్టులో మిషను కొసన తొలిచే బిట్టు బొగ్గులో ఇరుక్కుంది. బిట్టు ఆగితే మిషనే తిరగబడుతుంది. బిగించి పట్టి స్విచ్చి ఆపాలి. నా వేళ్లు బిగియలేదు. పిడి నా చేతిలోంచి జారిపోయి, మిషను గిర్రున తిరిగి అతని మూతి మీద కొట్టింది. మోటారు మోతలో కూడా ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అతను మోకాళ్ల మీద కూలబడి నెత్తురూ పళ్లూ కలిపి ఉమ్మాడు.

ఆఫీసరు అడిగితే, "ఆయన పట్టే జారింది సార్" అన్నాను. తప్పు అతనిదేనని కాయితం మీద రాశారు.

మూడు వారాలకు అతను మా క్వార్టరుకు వచ్చాడు. దవడకు కట్టిన తీగలు ఇంకా తీయలేదు. పళ్లు కరుచుకునే మాట్లాడాడు.

"నా చెయ్యి జారిందా? చెప్పు బే!"

నేను నోరు తెరిచేలోపే ముఖం మీద గుద్దాడు. నా తల గోడకు తగిలింది. రెండో దెబ్బకు ముక్కు పగిలింది. నా భార్య అరుస్తూ అతని వీపు మీద చేతికందిన గరిటెతో బాదుతోంది. అతని చొక్కా పట్టుకోబోయాను. వేళ్లు గుడ్డ మీంచి జారాయి. మళ్లీ పట్టాను, మళ్లీ జారాయి. అప్పుడు ఎడమచేత్తో అతని దవడ మీద, తీగలున్న చోటే కొట్టాను. తెలిసే కొట్టాను.

అతను ముడుచుకుపోయి మూలిగాడు. తర్వాత లేచి నా కుడిచెయ్యి గుంజి పట్టుకున్నాడు.

"పిడికిలి బిగించు."

బిగించలేకపోయాను.

"ఎప్పటిసంది గిట్ల?"

"ఆర్నెల్లాయె."

"ఎర్కుండి నాతోని మిషన్ పట్టినవా? సచ్చిపోతుంటి గదరా!" వాకిట్లో నెత్తురు ఉమ్మాడు. "నీ చెయ్యి గిట్లుందని డాక్టరు కాయితం కావాలె నాకు. నడువు దవాఖానకు."

మంచిర్యాలలో ఒక డాక్టరమ్మ నా ముంజేతికి చల్లని జిగురు పూసి, స్కానింగు మిషను ఆనించి, తెర చూపించింది. మోచేతికి కాస్త కింద రెండు కండరాల మధ్య నరం నలిగిపోతోందట. ఏళ్లుగా మిషను పట్టీ పట్టీ ఆ కండరాలు బిగుసుకున్నాయట.

"కోసుడు అవసరం లేదు. తెర మీద చూసుకుంట సూదితోని మందునీళ్లు పంపి నరాన్ని విడదీస్త. కదలొద్దు."

చర్మం పైన మత్తు ఇచ్చినా, సూది లోపలికి దిగాక ఒక్కసారి మూడు వేళ్లలో కరెంటు కొట్టినట్టయింది. కేక వేసి లేవబోయాను. నా జోడీ రెండు చేతులతో నా భుజాలను మంచానికేసి అదిమాడు.

"నొప్పి తెలుస్తుందా? ఓర్సుకో" అన్నాడు.

డాక్టరమ్మ ఆగి, సూదిని కొద్దిగా వెనక్కి లాగి, మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద నరం చుట్టూ నల్లగా నీరు పరుచుకుంది. అతను నా భుజాలు వదల్లేదు. అవి రెండు రోజులు నొప్పి పెట్టాయి.

కాయితంతో మర్నాడు ఆఫీసుకు వెళ్లి నిజం చెప్పాను. నన్ను కొన్నాళ్లు పనిలోంచి ఆపారు. అతని మీద రాసింది కొట్టేశారు. రెండోసారి సూది వేయించుకున్నాక నెమ్మదిగా పట్టు వచ్చింది. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోగలను. నడిమివేలి కొస మాత్రం ఇంకా మొద్దే.

ఇప్పుడు పైన స్టోర్సులో పనిచేస్తున్నాను. అతను వేరే జోడీతో కిందికి దిగుతున్నాడు. చేతి తొడుగుల కోసం నా దగ్గరికే రావాలి. సంతకం పెట్టి తీసుకుంటాడు. బావా అనడు. నేనూ భాయ్ అని పిలిచే ధైర్యం చెయ్యలేదు.