నర్సింలు అన్న రాసిన డైరీ పేజీ

2023 చలికాలం. కిషన్‌బాగ్‌ల మా ఇంటి ముందర గదిలో పదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లిష్, సోషల్ ట్యూషన్ చెప్తున్న. అప్పటికి పద్దెనిమిదేండ్ల నుంచి అదే పని. సాయంత్రం అయిదు కొట్టంగనే పన్నెండు మంది వచ్చి చాపల మీద కూసుంటరు. ఇంగ్లిష్‌ల కథలు, పద్యాలు, సోషల్‌ల హిస్టరీ నాకు ఇష్టమైన పాఠాలు. పిల్లలు ఎక్కువ భయపడేదీ వాటికే.

డిసెంబర్ తర్వాత కొత్త పాఠం ఉండదు, అంతా రివిజనే. రివిజన్ అంటే చదివిందే మళ్ల చదువుడని బయటోళ్లు అనుకుంటరు. పుస్తకం మూయించి, ఆ పాఠంల ఏం జరిగిందో నాకు చెప్పమంట. అప్పుడు తెలుస్తది పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు అని. నాలుగు పేజీల జవాబు అక్షరం పొల్లుపోకుండ అప్పజెప్పిన పిల్ల, "గాయన ఎందుకు గట్ల చేసిండు?" అంటే మొఖం చూస్తది. స్రవంతి గసొంటి పిల్లనే. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఉంటరు. మంచి దస్తూరి, మస్తు కష్టపడ్తది, కానీ గైడ్‌ల లేని ప్రశ్న వస్తే పెన్ను ఆగుతది. ప్రీ-ఫైనల్ అంటే అసలు పరీక్షకు ముందు బడిల పెట్టే పరీక్ష. అండ్ల ఇంగ్లిష్, సోషల్ రెండూ తప్పింది.

జనవరి మొదట్ల ఒక పొద్దున, నేను వాకిలి ఊడుస్తుంటే ఒకాయన గేటు కాడ నిలబడ్డడు. నలభై అయిదేండ్లు ఉంటయి. ఖాకీ ప్యాంటు, చేతిల టిఫిన్ డబ్బా సంచి.

"టీచరమ్మా, నేను స్రవంతి నాయిన్ని. నర్సింలు."

పిల్ల మార్కుల గురించి మాట్లాడ వచ్చిండనుకొని లోపలికి రమ్మన్న. కుర్చీల కూసోలేదు. సంచిల నుంచి ఒక పుస్తకం తీసి నా ముందట పెట్టిండు. ఓపెన్ టెన్త్ ఇంగ్లిష్ పుస్తకం. బడి మధ్యల ఆపినోళ్లు పెద్దయినంక రాసే పదో తరగతి అది.

"గిది నాది. నయాపూల్ అవతల ఒక సర్కారు ఆఫీసుల అటెండర్‌ని. టెన్త్ ఉంటే రికార్డ్ అసిస్టెంట్ చేస్తమన్నరు. నిరుడు రాసిన. ఇంగ్లిష్, సోషల్ పోయినయ్."

"స్రవంతికి తెలుసా అన్నా?"

"ఇంట్ల ఎవ్వరికీ తెల్వది. తెల్వనియ్యొద్దు. బిడ్డకు పరీక్ష యేడు. నాయినే తప్పిండంటే దానికి ధైర్యం పోతది."

ఆఫీసు తాళాలు తన దగ్గరే ఉంటయని, పొద్దున్నే పోవాలెనని ఇంట్ల చెప్పిండట. గట్ల ఆరింటికి నర్సింలు అన్న, అయిదింటికి స్రవంతి. ఒకే గదిల తండ్రి పొద్దున, బిడ్డ సాయంత్రం. రెండు నెలలు ఆ సంగతి నా నోటి నుంచి బయటికి రాలే.

అన్నకు స్పెల్లింగ్‌లు రావు. తారీఖులు అసలే నిలవవు. కానీ చదివిన ప్రతి మాటకూ ప్రశ్న ఉంటది. బయటి బట్ట వచ్చినంక చేనేతోళ్ల మగ్గాలు ఆగిపోయినయని హిస్టరీ పాఠంల ఒక వాక్యం ఉంటది. పిల్లలు దాన్ని గీత గీసుకొని ముందటికి పోతరు. నర్సింలు అన్న అక్కడే ఆగిండు.

"మగ్గం ఆగితే మరి ఆ యేడు ఇంట్ల ఏం తిన్నరు టీచరమ్మా?"

పద్దెనిమిదేండ్లల నన్ను ఆ ప్రశ్న ఏ పిల్లా అడగలే.

ఇంగ్లిష్ పేపర్‌ల డిస్కోర్స్ అని ఒకటి వస్తది. ఒక సంగతి ఇచ్చి, అండ్ల ఉన్న మనిషి ఆ దినం డైరీ రాస్తే ఎట్ల రాస్తడో రాయమంటరు. గైడ్‌ల దొరకదు గనుక బట్టీ పట్టే పిల్లలకు అదంటే వణుకు. ప్రాక్టీస్ కోసం నేనే చిన్న చిన్న కథలు అల్లి పెట్టుకుంట. అండ్ల ఒకటి, ఒక దుకాణం వాచ్‌మన్‌ది. ఎవరో పగలగొట్టిన అద్దానికి యజమాని అందరి ముందట ఆయన్ని నిలబెట్టి తిడ్తడు. ఆ వాచ్‌మన్ డైరీ రాయమని ఫిబ్రవరిల నర్సింలు అన్నకు ఇచ్చిన.

మూడు దినాలకు తెచ్చిండు. ముందు తెలుగుల రాసుకొని, తర్వాత డిక్షనరీ పట్టుకొని ఇంగ్లిష్‌ల రాసిండు. తప్పులున్నయి. వాక్యాలు మాత్రం చిన్నగ, సూటిగ ఉన్నయి. వాటి అర్థం ఇది: ఈ దినం నన్ను అందరి ముందట నిలబెట్టిండ్రు. నేనేం మాట్లాడలే. మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలే. డబ్బా నిండుగ ఇంటికి పోతే బిడ్డ అడుగుతది. అందుకే అన్నం పావురాలకు పెట్టిన. నల్లా కాడ డబ్బా కడిగిన. ఇంటికి పోయి కూర బాగున్నదని చెప్పిన.

"కథల ఆయనకు బిడ్డ ఉన్నదని నేను రాయలే కద అన్నా" అన్న.

"ఉండదా టీచరమ్మా? ఉంటది" అన్నడు.

ఇంకేం అడగలే. తప్పులు దిద్ది, కాగితం నా దగ్గర పెట్టుకున్న. ఆ సాయంత్రం పిల్లలు అదే వాచ్‌మన్ డైరీ రాసి తెచ్చిండ్రు. పన్నెండు మందీ ఇంచుమించు ఒకటే రాసిండ్రు, నాకు చాలా బాధ కలిగింది, దేవుడు చూస్తున్నడు, సత్యమే గెలుస్తది అని. నాకు ఉత్సాహం ఆగలే. "పొద్దున వచ్చే ఒక స్టూడెంట్ రాసింది వినుండ్రి. డైరీ అంటే గిట్ల ఉండాలె" అని నర్సింలు అన్న కాగితం తీసి చదివిన. పేరు చెప్పలే. పేరు చెప్పకపోతే చాలనుకున్న.

గోడ పక్కన కూసున్న స్రవంతి తల ఎత్తింది.

"టీచర్, మళ్లొకసారి చదువుతరా?"

పిల్లకు నచ్చిందని సంబురపడి, ఇంకింత నిదానంగ మళ్ల చదివిన.

"ఎవరు రాసిండ్రు టీచర్?"

"పేరెందుకు? రాసిన తీరు చూడు."

పుస్తకాలు సంచిల పెట్టుకొని, తల నొస్తున్నదని చెప్పి ఇంటికి పోయింది. మర్నాడు రాలే. ఆ మర్నాడూ రాలే. తర్వాత రెండు పొద్దులు గడిచినంక నర్సింలు అన్న కూడ రావుడు ఆపిండు. స్రవంతి పరీక్షకు మూడు వారాలు ఉన్నది. ఏదో అయిందని, దాంట్ల నా చెయ్యి ఉన్నదని సమజైంది. ఆదివారం వాళ్లింటికి పోయిన.

తలుపు స్రవంతి తీసింది. తల్లి దవాఖానల ఆయా, డ్యూటీకి పోయింది. తండ్రి కూరగాయలకు పోయిండు. నన్ను మంచం మీద కూసోబెట్టి, తను కింద కూసున్నది. తనే మొదలుపెట్టింది.

"ఆ కాగితం మా బాపుదే కద టీచర్."

"ఎట్ల తెలిసింది?"

"నేను తొమ్మిదిల ఉన్నప్పుడు, వానకాలంల, ఒక దినం బాపు డబ్బా కడుక్కొని తెచ్చిండు. రోజూ నేనే కడుగుత. ఎప్పుడూ కడగనోడు ఆ దినమే తళతళ మెరిసేటట్టు కడిగిండు. ఎందుకు బాపు అంటే, ఊకెనే అన్నడు. కూర మస్తుగున్నది అన్నడు. ఆ దినం కూర నేనే వండిన. ఉప్పు ఎయ్య మరిచిన. అమ్మ తిట్టింది. బాపు ఒక్కడే బాగున్నదన్నడు. నా మనసు నొప్పియ్యొద్దని అన్నడనుకున్న. తిననే లేదని ఇప్పుడు తెలిసింది."

"ఆఫీసుల బాపును ఎవరో ఏమో అన్నరు. మాకు చెప్పుకోలే" అన్నది. "నేనూ గట్లనే అన్న టీచర్. నెల కింద మా సోపతులు ఇంటికొచ్చిండ్రు. బాపు నా క్వశ్చన్ పేపర్ చేతిల పట్టుకొని చూస్తున్నడు. నీకేం సమజైతది బాపు, ఇటియ్యి అని గుంజుకున్న. వాళ్లందరు నవ్విండ్రు. ఆఫీసోళ్లకూ నాకూ ఏం ఫరక్ ఉన్నది? ఇంక ట్యూషన్‌కు వస్తే పొద్దున గదే చాప మీద బాపు కూసుంటడని యాదికొస్తది. రాలేకపోయిన."

అంతల నర్సింలు అన్న సంచి పట్టుకొని వచ్చిండు. నన్ను చూసి గడప కాడనే ఆగిండు. నేను లేచి నిలబడ్డ.

"అన్నా, తప్పు నాది. నీ కాగితం నిన్ను అడగకుండ క్లాసుల చదివిన."

"పేరు చెప్పినరా?"

"చెప్పలే."

"మరి బిడ్డకెట్ల తెలిసింది? అది ట్యూషన్‌కు పోవుడు ఆపంగనే నాకు అనుమానం వచ్చింది. నేను చదువుతున్నననే సిగ్గుపడ్డదనుకున్న. నేను రాకుంటే అదన్న వస్తదని బందు పెట్టిన."

నేను స్రవంతి దిక్కు చూసిన. ఆ పిల్ల నేల చూసుకుంట అన్నది, "ఆ దినం కూరల ఉప్పు లేదు బాపు."

అన్నకు సమజైంది. సంచి కింద పెట్టి, గోడకు ఆనుకొని కూసున్నడు.

"నాకేం ఎరుక బిడ్డా" అన్నడు మెల్లగ. "తింటే కద."

అప్పుడు చెప్పిండు. ఒక కవర్ మీద ఇంగ్లిష్ పేరు చదవరాక వేరే సెక్షన్‌ల ఇచ్చిండట. పెద్దసారు పిలిపించి, అందరి నడుమ నిలబెట్టి, ఆ కవర్ చేతికిచ్చి చదువు, చదువు అన్నడట. చదివేదాక పోనియ్యలేదట. ఆ నెలలనే ఓపెన్ టెన్త్‌కు పేరు రాయించుకున్నడు. ప్రమోషన్ మాట తర్వాత వచ్చింది.

స్రవంతి కండ్లు తుడుచుకొని, "నిరుడు రాసినవా బాపు?" అని అడిగింది.

"రాసిన. రెండు పోయినయ్."

"ఏవి?"

"ఇంగ్లిష్, సోషల్."

"నావీ గవే పోయినయ్" అన్నది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నరు. ముందుగాల నర్సింలు అన్నకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఆరింటికి ఇద్దరూ కలిసి వచ్చిండ్రు. ఆ మూడు వారాలు నేను పాఠం చెప్పింది తక్కువ. తండ్రి ఎందుకు అని అడుగుతడు, బిడ్డ పుస్తకంల ఎతుకుతది. బిడ్డ తారీఖు అడుగుతది, తండ్రి వేళ్ల మీద లెక్కపెట్టి తప్పు చెప్తడు. మగ్గాలు ఆగినంక ఇంట్ల ఏం తిన్నరన్న ప్రశ్న బిడ్డనూ అడిగిండు. దానికోసం స్రవంతి పాఠమంత మళ్ల చదివింది. కూలికి పోయినోళ్లు, ఊరు ఇడిచినోళ్లు, అప్పుల పడ్డోళ్లు ఒక్కొక్కరే దొరికిండ్రు. గైడ్ జోలికి పోకుండ ఒక పేజీ తన మాటలల్ల రాసి, నాకు కాదు, నాయినకు చూపించింది. ఆయన చదివి, "గిప్పుడు సమజైంది" అన్నడు. ఆ మాటతోటి పిల్లకు వచ్చిన ధైర్యం నేను వేసిన ఏ మార్కుతోటీ రాలే.

మార్చిల స్రవంతి పరీక్ష రాసింది. మంచిగనే పాసయింది, ఇంగ్లిష్‌ల క్లాసు పిల్లలందరి కంటే ఎక్కువొచ్చినయ్. నెల తర్వాత నర్సింలు అన్న రాసిండు. ఇంగ్లిష్ పాసయిండు. సోషల్ మళ్ల పోయింది, నాలుగు మార్కులకు. ఆ ఫలితం చూసింది స్రవంతే, తన ఫోన్‌ల. నాయినకు తనే చెప్పిందట. ఈసారి దాచేటందుకు ఏం లేదు కద.

మర్నాడు పొద్దున ఇద్దరూ వచ్చిండ్రు. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్న. అన్న నోట్‌బుక్ తెరిచి, "తారీఖుల దగ్గర తప్పిన టీచరమ్మా. మళ్ల మొదటి నుంచి" అన్నడు. ఎండాకాలమంత స్రవంతే చెప్పింది. నేను పేపర్లు దిద్దిన, అంతే. ఆ యేడు సప్లిమెంటరీల, అంటే తప్పినోళ్లు మళ్ల రాసే పరీక్షల, సోషల్ గట్టెక్కింది. ప్రమోషన్ ఆర్డర్ ఇంకా రాలే, లిస్టుల పేరున్నది. కానీ ఆఫీసుకొచ్చే టపా సెక్షన్లవారీగ పంచే పని ఇప్పుడు ఆయనదే.

ఈ సంగతి మంచిగ ముగిసింది గనుక నా తప్పు చిన్నదని నేననుకోను. ఆ పిల్ల పరీక్షకు పోకపోయి ఉంటే, ఆ మనిషి పుస్తకం మూసి ఉంటే, దానికి నేనే జవాబు చెప్పుకోవాలె. మంచి జవాబు కనపడితే నలుగురికి చూపియ్యాలనే ఆత్రం మా టీచర్లకు ఉంటది. రాసినోళ్లు అది ఎక్కడి నుంచి తీసుకొచ్చిండ్రో మేం ఆలోచించం. రాయమన్నది నేనే, మనసు పెట్టి రాయమన్నదీ నేనే. మనసు పెట్టి రాసినంక అది ఉట్టి జవాబు కాగితం కాదని ఆ యేడు తెలిసింది.

ఇప్పుడు ఎవరి కాగితమైన క్లాసుల చదివే ముందు పక్కకు పిలిచి అడుగుత. కొందరు సరే టీచర్ అంటరు. కొందరు వద్దని తల ఊపుతరు. ఒక్కోసారి గవే అన్నిటికంటే మంచి జవాబులు. వాటిని మడిచి ఎవరివి వాళ్ల చేతికే ఇస్త.