మా అత్త తోమిన నరసింహుడు

ఈమధ్య మనవరాలు నా పుట్టినరోజుకని హంపి రాతిరథం ఉన్న పతకమొకటి తెప్పించి ఇచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, చేత్తో తాకవద్దని చీటీ కూడా పెట్టారు. అది చదవగానే నాకు పాత కోపం మళ్ళీ రేగింది. ఇలాంటి చీటీలను లెక్కచేసే మనిషి కాదు మా మేనత్త.

అరవైల్లో, కంప్లి బళ్ళో పంతులుగా చేరిన కొత్తలో, ఆ పక్కనే ఉన్న ఎమ్మిగనూరులో ఆమె ఇంట్లోనే ఉండేవాణ్ణి. నా ఈడువాళ్ళకు సినిమాల పిచ్చి ఉన్నట్టే నాకు విజయనగర కాలపు గుళ్ళూ మహళ్ళూ అచ్చుపోసిన కంచు పతకాల పిచ్చి. పోస్టులో వచ్చిన ప్రతిదాన్నీ గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకునేవాణ్ణి. అన్నిటిలోకీ నా ప్రాణం హంపి నరసింహుడి మీదే. అక్కడి రాతివిగ్రహానికి చేతులు విరిగిపోయాయి, ఒళ్ళో లక్ష్మి లేదు. పతకం చెక్కిన శిల్పి మాత్రం చేతులన్నీ అతికించి, అమ్మవారిని తెచ్చి కూర్చోబెట్టి, కోరల సందునా జూలు మడతల్లోనూ నీడ నిలిచేలా కంచుకు నల్లని చాయ పట్టించాడు.

ఒక శుక్రవారం బడి నుంచి వచ్చి చూద్దును కదా, నా నరసింహుడు దేవుడి గూట్లో, చింతపండుతో తోమించుకుని, తళతళ మెరుస్తూ, నెత్తిన కుంకుమతో కూర్చున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అరిచాను, బతిమాలాను, కళ గురించి పాఠం చెప్పాను. "సుమ్నే ఉండప్పా, యాడన్నా దేవుణ్ణి మసి మొగంతో పెట్టుకుంటారా?" అని ఆమె నన్నే ఊరుకోమని కసిరింది.

కోపం పట్టలేక పతకాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆమె నాకు జొన్నరొట్టె వేసి పెట్టింది గానీ తాను మాత్రం మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఏమిటీ మొండితనమని విసుక్కుంటే, "ఆడ ఇరిగినాడని పూజ నిలిపేసిరి. ఈడ అన్ని చేతులతో మనింటికొచ్చినాడు. ఈడా పస్తు పెడితే నేనెట్ల తినేదప్పా?" అంది.

పళ్ళు నూరుకుంటూ తాళం తీశాను. ఆపైన ప్రతి శుక్రవారం తోముడే. ముందు కోరలు పోయాయి, తర్వాత జూలు, చివరికి లక్ష్మి ముఖం. నా కళ్ళముందే నా పతకం వట్టి బిళ్ళగా అరిగిపోతుంటే కడుపు మండిపోయేది.

అత్త పోయాక అది నా చేతికి వచ్చింది. ఎవరికి చూపినా ఏమిటిదని అడుగుతారు. ఇప్పుడు దేవుడి సామానంతా స్టీలు, తోమడానికి పీట వేసుకుని కూర్చునే మనుషులే ఇళ్ళల్లో లేరు. నేను అంతగా పోట్లాడిన నలుపు దానికి దానంతటదే పట్టేసింది, నాకేమో అది చూడబుద్ధి కావడం లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి, మొన్న శుక్రవారం గిన్నెలో చింతపండు నానబెట్టుకుని నేనే కూర్చున్నాను.