లూజు బాబాయి

మా బాబాయి కంట బిగించి ఉన్న వస్తువేదీ పడకూడదు. పడిందంటే వదులు చేసేదాకా ఆయనకి ఊపిరాడదు. అందుకే వీధి వీధంతా ఆయన్ని లూజు బాబాయి అంటుంది. ఆ మాటకి రెండర్థాలున్నాయని ఆయనకీ తెలుసు. "రెండూ నిజమేగా, పోనీరా" అంటాడు.

తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం నీళ్ల పంపుహౌసులో ఫిట్టరు. పగలంతా నట్లు బిగిస్తే జీతమిస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాపమంతా కడుక్కుంటున్నట్టుంటుంది వ్యవహారం.

ఈ జబ్బు గాలం రీళ్లతో మొదలైంది. ఆదివారం పొద్దున్నే సముద్రంలోకి వేసిన రాళ్లకట్ట మీద నలుగురం చేపలు పడతాం: బాబాయి, నేను, మా మామగారు, బేకరీ ఆయన. ఎండెక్కాక మేం ముగ్గురం బుట్టలోకి తొంగిచూసుకుంటాం. బాబాయి చేపల మొహం కూడా చూడడు. నాలుగు రీళ్లూ లాక్కుని కాలు కాలిన పిల్లిలా కుళాయి దగ్గరికి పరిగెడతాడు.

"కాసేపు కూర్చో బాబాయ్, వెళ్దాం."

"నువ్వు కూర్చో. రీళ్లకంటిన ఉప్పు కూర్చోదు!"

బేకరీ ఆయన కూతురి పెళ్లిలో అయితే బాబాయి సగం భోజనంలో లేచిపోయాడు, బేకరీ ఆయన రీలుకి నూనె వెయ్యలేదని గుర్తొచ్చి. పెళ్లికూతురి తండ్రి ఏడీ ఏడీ అని జనమంతా వెతికితే, పెరట్లో వానలో రీలు తుడుస్తున్న బాబాయికి గొడుగు పట్టుకుని కనబడ్డాడు. తిరిగొచ్చి కూర్చున్నాక బాబాయి పక్కాయన బెల్టుకేసి ఒకటే చూపు. "ఒక్క బొక్క వదులు చేసుకోండి సార్, మీకే సుఖం."

నేను స్కూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు, విప్పి చూసి నేర్చుకున్నాను. కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి: రీలు విషయంలో బాబాయి పనికి వంక పెట్టలేం. ముందు దారం బిగువు సరిచేసే మరని గట్టిగా తిప్పుతాడు, నీళ్లు లోపలికి పోకుండా. తర్వాత మంచినీళ్లు చిలకరిస్తాడు. ధారగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి దూరుతుంది. విదిలించి, పాత బనీను గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, పిడి మొదట్లో ఒక చుక్క, దారం దొర్లే చోట ఒక చుక్క నూనె వేస్తాడు. ఆఖర్న ఆ మరని పూర్తిగా వదులు చేస్తాడు. చెయ్యకపోతే లోపలి బిళ్లలు అణిగి అతుక్కుపోతాయి. మళ్లీసారి పెద్ద చేప లాగితే దారం జారదు, పుటుక్కున తెగుతుంది.

"పని అయ్యాక పట్టు వదలాలిరా, ఇనుమైనా సరే."

"మరి నువ్వెప్పుడు కుదురుగా ఉంటావు?"

"నా పని అయితేగా!"

అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న వానాకాలం నుంచి మా ఇంటి మీద పడ్డాడు. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి వస్తాడు. కూర్చోడు. "అమ్మాయ్, మంచినీళ్లు" అని మా ఆవిణ్ణి లోపలికి పంపి ఇల్లంతా ఓ చుట్టు చుట్టి, మేడమీద మా మామగారిని పలకరించి మాయమవుతాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ మూతా మూతలా ఉండదు. టూత్‌పేస్టు మూత చెయ్యి తగిలితే దొర్లిపోతుంది. తలనూనె సీసా పడి సొరుగంతా తైలాభిషేకం. ఓ రోజు మా ఆవిడ ఉప్పు సీసా అందుకుంది. మూత చేతిలోకి వచ్చింది, సీసా నేలమీదికి వెళ్లింది.

"మీ బాబాయికి మన మూతలతో ఏం వైరమండీ?"

"రీళ్లనుకుంటున్నాడేమో."

"తలనూనెకి ఏ చేప పడుతుందట?"

నేను నేలమీది ఉప్పు ఎత్తడం మొదలెట్టాను. ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఇంకొక్క మూత ఊడిందంటే ఆయన గుమ్మం అవతలే ఉండాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నాన్న పోయాక నాకున్న పెద్దదిక్కు ఆయనే. గుమ్మం తొక్కొద్దని ఏ నోటితో చెప్పను? మాట చేతకానివాణ్ణి కనుక నాకు చేతనైన పని చేశాను. శనివారం సాయంత్రం ఇంట్లో ఉన్న ప్రతి మూతనీ బిగించాను. స్కూటరు చక్రాలు బిగించే చేతులివి. ఇక బాబాయి కాదు కదా, ఆయన పంపుహౌసు మొత్తం దిగొచ్చినా కదలదనుకున్నాను. మర్నాడు రాళ్లకట్టకి తీసుకెళ్లే టీ ఫ్లాస్కుని కూడా వదల్లేదు.

ఆదివారం బాబాయి ఆలస్యం. పంపు మొరాయించిందని కబురొచ్చింది. మేం ముగ్గురమే వెళ్లాం. మా మామగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. నిటారు మనిషి, మాట పొదుపు. వానలప్పటి నుంచి గాలం ఎడమచేత్తో విసురుతున్నారు. "అదీ ఒక కళే అల్లుడూ" అంటే నిజమే కాబోలనుకున్నాం. ఫ్లాస్కు ఎప్పుడూ ఆయన ఒళ్లోనే ఉంటుంది, పోసేదీ ఆయనే.

"మాస్టారూ, టీ పడదా ఇవాళ?" అన్నాడు బేకరీ ఆయన.

"ఇంకాస్త ఆగుదాం."

అరగంటయ్యాక మళ్లీ "ఇంకాస్త". నాకు కూర్చుంటే రాయి గుచ్చుకుంటోంది, నిలబడితే ఎండ గుచ్చుకుంటోంది. ఊరికే అటు తిరిగాను. మామగారు ఫ్లాస్కుని మోకాళ్ల మధ్య ఇరికించి కుడిచేత్తో మూత పట్టుకున్నారు. వేళ్లు ముడుచుకోవడం లేదు. జారాయి. ఎడమచేత్తో ప్రయత్నించారు. అదీ కదల్లేదు. ఎవరైనా చూశారా అని తలెత్తారు. నేను గబుక్కున సముద్రాన్ని చూశాను.

కాసేపటికి ఆయన గాలాన్ని సంచిలో పెట్టి బేకరీ ఆయన వైపు జరిపారు. "ఇది మీరుంచుకోండి. వచ్చే ఆదివారం నుంచి నేను రాను. ఆసక్తి తగ్గింది."

బేకరీ ఆయన సంచి అందుకోకుండా నాకేసి చూశాడు. సరిగ్గా అప్పుడే బాబాయి ప్యాంటు మోకాళ్లదాకా తడుపుకుని రాళ్ల మీద గెంతుకుంటూ వచ్చాడు.

"ఏంటి బావగారూ, అప్పుడే సర్దేశారు? ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి, ఇసకంటుకుంది, తుడుస్తా."

మాకు వీపు తిప్పి తుడవడం మొదలెట్టాడు. భుజాలు బిగుసుకున్నాయి, మెడ ఎర్రబడింది. మెల్లగా నా పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"ఎవడ్రా దీన్ని బిగించింది?"

"నేనే."

"నీ చేతులు పడ!"

బనీను గుడ్డ చుట్టి పళ్లు బిగించి తిప్పాడు. మూత కిర్రుమంది. సగం తిరగ్గానే ఆపేశాడు.

"పూర్తిగా తీసేసి ఇవ్వొచ్చుగా" అన్నాను.

"నోర్ముయ్. తీసిస్తే ఆయన తాగుతాడా? సగం నేను, సగం ఆయన. నాలుగు నెలలుగా ఇలాగే నడుస్తోంది. వానల్లో ఓ పొద్దున కుడిచేతి పట్టు పోయింది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. మెల్లగా వస్తుందట. కూతురికి తెలిస్తే చెంచాతో తినిపిస్తుందని ఆయనకి హడల్. చెప్పనని మాటిచ్చా. మూతల సంగతి మాత్రం ఆయనకీ తెలీదు."

"మరి ఉప్పు సీసా దేనికి?"

"మీ ఆవిడ కూరలో ఉప్పు వెయ్యదురా! ఆయన దొంగచాటుగా కలుపుకుంటాడు."

"నిన్ను ఇంటికి రానివ్వనంటోంది బాబాయ్."

"కిటికీలున్నాయిగా" అని వెళ్లి ఫ్లాస్కుని మామగారి ఒళ్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కవాళ్ల రీళ్లు కెలకడానికి పోయాడు.

మామగారు ఫ్లాస్కుని కాసేపు అలా పట్టుకునే ఉన్నారు. తర్వాత కుడి అరచెయ్యి మూత మీద ఆనించి తిప్పారు. తిరిగింది. ఆయన తన చేతికేసి చూసుకున్నారు, పాత శిష్యుడెవరో దారిలో నమస్కారం పెట్టినట్టు. నాలుగు కప్పుల్లో పోశారు. ఒక్క చుక్క తొణకలేదు.

"ఆ సంచి ఇలా ఇవ్వండి" అన్నారు బేకరీ ఆయనతో. "టీ తాగి ఇంకో రెండు విసుర్లు చూద్దాం."

ఒక గుక్క తాగి మొహం చిట్లించారు.

"ఏమోయ్ అల్లుడూ, మీ ఇంట్లో ఈ మూత పెట్టేదెవరు? ఇలా ముట్టుకుంటే ఊడొచ్చింది. ఇలాగైతే టీ చల్లారిపోదూ? ఒక మూత బిగించే ఓపిక లేదా మీకు?"

"అలా గడ్డిపెట్టండి బావగారూ!" అన్నాడు బాబాయి దూరం నుంచే. "వీడి చేతుల్లో చిన్నప్పట్నించీ పట్టు లేదు."

"తప్పయిపోయిందండీ. వచ్చే ఆదివారం గట్టిగా బిగిస్తాను" అన్నాను, తల వంచుకుని.

ఎప్పుడు వచ్చాడో ఏమో, బాబాయి నా కాలు తొక్కాడు.