రజిత పాటకు బీట్ వద్దు

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు స్టేజ్ డ్రెస్‌కు ఊడిన అద్దాలు కుట్టుకుంటున్నా.

"రజిత ఇగ లేదక్కా" అన్నది స్వప్న.

ఏ రజిత అని అడిగాను. నాకు తెలిసింది ఒక్క రజితే. అయినా అడిగాను.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

మా 'మంచిర్యాల మైనాలు' గ్రూప్ మీలో చాలామందికి తెలుసు. నేను, స్వప్న, రజిత. పెళ్లి బారాత్‌లలో డీజే బండి మీద పాడే ముగ్గురం. ఫాస్ట్ బీట్ తప్ప ఇంకోటి పాడితే జనం ఊరుకోరు.

అందరికంటే చిన్నది రజితే. పోయిన ఏడాది నుంచి దానిది ఒకటే నస. "అక్కా, జర స్లో పాటలు పాడుదమే. మెలోడీలు."

వాళ్లవ్వ బీడీలు చుట్టుకుంటూ తీసే కూనిరాగం మీద తనే ఒక పాట కట్టింది. తొందర లేని పాట. లైనుకూ లైనుకూ మధ్య నిమ్మళంగా ఊపిరి పీల్చుకునేంత జాగా.

వినగానే నాకు ఏడుపొచ్చింది. అయినా ఏమన్నానో తెలుసా?

"దీనికెవడు ఎగురుతడే? నిద్రపోతరు."

ఆ పాటకే డబుల్ బీట్ వేయించి రికార్డ్ చేయించాను. హిట్టయింది. అదే మా మెడకు చుట్టుకుంది. ఎక్కడికి పోయినా అదే పాట, అదే స్పీడ్.

జమ్మికుంట బారాత్ మర్చిపోలేను. డీజే బండి ఎక్కితే పెళ్లిల్లు చేరేదాకా దిగడానికి ఉండదు. చుట్టూ స్పీకర్లు, కింద జనం. రజిత మైక్ పక్కకు తిప్పి, "గీ ఒక్కసారి స్లోగ పాడుదమక్కా, దమ్ము సరిపోతలే" అన్నది.

వేషాలు అనుకున్నాను. బీట్ పెంచమని ఆపరేటర్‌కు సైగ చేశాను.

పాడింది పాపం. రెయిలింగ్ పట్టుకొని, నవ్వుకుంటూ, సగం మాటలు మింగుతూ పాడింది. బండి దిగాక "పాట ఉరుకుతుందక్కా, నేను నడుస్తున్న" అన్నది. జోక్ అనుకొని నవ్వాం.

గుండె వాల్వ్ చెడిందని డాక్టర్లు చెప్పి ఏడాదైందట. తెలిస్తే గ్రూప్‌లోంచి తీసేస్తామని దాచిందట. నిన్న వాళ్లవ్వ చెప్తే తెలిసింది.

మాతో ఉండడానికే మెలోడీలు అడిగింది, పిచ్చిది.

నిన్న సాయంత్రం సాగనంపేటప్పుడు వాడకట్టు పిల్లలు ప్రేమతోనే డీజే పెట్టారు. ఆ పాటే. ఆ బీటే.

వాళ్లవ్వ బండికి అడ్డం పోయి చేతులు జోడించింది.

"జర నెమ్మదిగ పెట్టుండ్రి బిడ్డా. పిల్ల అలిసిపోయింది."

ఆపరేటర్ నా వైపు చూశాడు. స్లోది లేదు. నేను రికార్డ్ చేయనిస్తే కదా ఉండేది.

బీట్ బంద్ చేయించి స్వప్నా నేనూ పాడుతూ నడిచాం. రజిత పెట్టిన ప్రతి జాగా దగ్గరా ఆగుతూ పాడాం. ఆ జాగాల్లో వాళ్లవ్వ ఏడుపు వినిపించింది.

వచ్చే ఆదివారం పెళ్లి ఉన్నవాళ్లు ఇవాళ పొద్దున ఫోన్ చేశారు. "గా పాట ఉంటది గదా మేడం? అదే బీట్?"

ఉంటుందన్నాను. ఒప్పుకున్న పెళ్లి. మళ్లీ ఆ బండే ఎక్కాలి. రికార్డ్‌లో దాని గొంతు మళ్లీ ఉరకాలి. నేను పక్కన నిలబడి నవ్వాలి.

మన్నించు రజితా.

పో చెల్లె. అక్కడ నిన్ను తొందరపెట్టేటోళ్లు ఎవరూ ఉండొద్దు. నీ దమ్ముకు సరిపడా నెమ్మదిగా పాడుకో. నీకు శాంతి దొరకాలి.