అక్క పేరు పిలిచాక

మా ఇంట్లో ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే మొదట నవ్వేది నేనే. నరసరావుపేటలో పదహారేళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. శబ్దం ఎలా పుడుతుందో, గోడకు తగిలి ఎలా తిరిగొస్తుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

పాట మీద ఇష్టంతో మా ఊరి ఆడవాళ్ల గానబృందంలో చేరాను. మొత్తం పన్నెండుమందిమి. నేర్పేది సంధ్య. సంగీతమే చదువుకుని హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. పాతకాలం మొక్కుల పాటలు, గ్రామదేవతల కొలుపుల పాటలు వెతికి తెచ్చి, వాటి మీద నాలుగైదు గొంతులు వేర్వేరు స్వరాల్లో కలిసేలా కొత్త పాటలు కట్టేది.

పోయిన వేసవిలో గురజాల వైపు ఒక పల్లెకు వెళ్లి, నాగరత్నమ్మ అనే ముసలామె దగ్గర ఒక పాట రికార్డు చేసుకొచ్చింది. ఏడాదికోరోజు ఆడవాళ్లంతా గుండ్రంగా నిలబడి, తమ ఇళ్లలో పోయిన ఆడవాళ్లను పేరుపెట్టి పిలిచే పాట అది. ఒక్కో పేరు తర్వాత ఒక ఊపిరిసేపు మౌనం. చివర్లో అందరినీ "పొయ్యిరా తల్లీ" అని సాగనంపుతారు.

సంధ్య ఆ సాగనంపే చరణం తీసేసింది. పిలుపు దగ్గరే ఆపేస్తే వినేవాళ్ల గుండె పట్టేస్తుందంది. మాకూ నచ్చింది.

పేర్లు మాత్రం మా ఇళ్లవే ఇమ్మంది. నేను మా అక్క పేరిచ్చాను. కోటేశ్వరి. పెళ్లయిన ఏడాదికే మిరపచేలో పాము కరిచి పోయింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

సెలవులు కావడంతో మా బడి హాల్లోనే సాధన చేసేవాళ్లం. ఆ రోజు పొద్దున పదకొండయింది. రికార్డింగు కోసమని ఫ్యాన్లు ఆపేసి, తలుపుకు లోపల గడియ పెట్టాం. సంధ్య మా మధ్యలో ఫోను నిలబెట్టింది.

మొదటి ఆరు పేర్లూ బాగా వచ్చాయి. ఏడోది అక్కది. పన్నెండు గొంతులూ మెల్లగా పైకి లేచి "కోటేశ్వరీ" అని పిలిచి ఆగాయి.

ఆ మౌనంలో ఎవరో "ఓయ్" అని పలికారు.

అందరూ నావైపు తిరిగారు. ఆ గొంతు అచ్చం నా గొంతులాగే ఉందట. నేను పెదవి కదపలేదు. నా వెనక రెండడుగుల్లో గోడ. మాట అటునుంచే వచ్చింది. వెనక్కి తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు.

అప్పుడు నా చెవికి ఇంకాస్త దగ్గరగా, కొంచెం విసుగ్గా, "ఏందే?" అని వినిపించింది.

పనిలో ఉన్నప్పుడు పిలిస్తే అక్క అలాగే పలికేది.

నా పక్కన పాడే రమణ తలుపు దగ్గరికి పరిగెత్తింది. గడియ రాక ఏడ్చేసింది. చివరికి ఎవరు తీశారో గుర్తులేదు. అందరం మండే ఎండలో మెట్లమీద కూర్చున్నాం. సంధ్య నాగరత్నమ్మకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. జరిగింది విని ఆమె ఒకటే అడిగింది.

"సాగనంపినారా?"

"లేదవ్వా. ఆ ముక్క తీసేశాను."

"ఓసి మీ తెలివి తెల్లారా! పిలిచిన మనిషిని వాకిట్లో నిలబెట్టి మీ దారిన మీరొచ్చేశారా? ముందు లోపలికి పొయ్యి పాడండే!"

నలుగురు రామన్నారు. ఎనిమిదిమందిమి తలుపు బార్లా తెరిచిపెట్టి, ఒక్కో పేరే చెబుతూ సాగనంపే చరణం పాడాం. అక్క పేరు దగ్గర మాత్రం నేను పాడలేదు. భయమే. కానీ భయమొక్కటే అని ఇప్పుడు అనలేను. మిగతా ఏడుగురే పాడారు. ఏ జవాబూ రాలేదు.

ఫోన్లో మాత్రం ఆ రెండు మాటలూ ఉన్నాయి. హాల్లో చప్పట్లు కొట్టి ప్రతిధ్వని చూశాను. చుట్టుపక్కల ఇళ్లలో అడిగాను. పన్నెండుమంది చేతా ఆ మాటలు విడివిడిగా అనిపించి పోల్చాను. ఏదీ సరిపోలేదు. నాకు తెలియకుండా నేనే అన్నానేమో అనుకున్నాను. కానీ సరిగ్గా ఆ "ఓయ్" దగ్గర నేను ఉలిక్కిపడి ఊపిరి పీల్చడం వేరేగా వినపడుతోంది.

వారం ఆగి, నా దగ్గరే ఉండే అమ్మకు ఆ రెండు మాటలూ వినిపించాను. పాట సంగతి, పేరు సంగతి ఏమీ చెప్పలేదు. గోరుచిక్కుళ్లు తుంచుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి.

"దాన్నెవరే పిలిచింది?" అంది.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు తెలుసు.